ఊదా వెలుగులో నవ్వు

చిరంజీవి అమ్మలుకి,

మీ అమ్మ దీవించి రాస్తున్నది ఏమంటే, ఇక్కడ మేమంతా క్షేమం, మీ నానమ్మ పళ్ళ సెట్టు తప్ప. అది మొన్నటి నుంచి కనిపించలేదు. దుప్పట్లు దులిపాం, మందుల డబ్బా బోర్లించాం, చివరికి ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన దొరికింది. "చల్లగా ఉంటే చెడిపోవని పెట్టానే, తప్పా?" అని నన్నే దబాయించింది ఆవిడ. ఇప్పుడు అదీ క్షేమమే.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో మాట్లాడుకుంటే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, మీ నాన్న మధ్యలో దూరి ఇద్దరినీ మంచినీళ్ళు తాగమంటారు. అందుకే మనకి కాగితమే మేలు. కాగితం మీద కూడా నువ్వు తక్కువేం అరవలేదనుకో. "నువ్వు చేసిన పళ్ళ వల్ల నా పరువు పోయిందమ్మా" అన్న ముక్క కింద రెండు గీతలు కొట్టావు. అవి చూసి మీ నాన్న "అచ్చం నీ పోలికే" అన్నారు. ఆ మాట నిజమే.

ముందు చిన్న సంగతి చెప్పేస్తాను. నేను చేసి పంపిన టెంపరరీ పళ్ళ బ్రిడ్జి అంచుల్లో పసుపు పచ్చగా అవుతోంది, చెడిపోయిందా అని అడిగావు. చెడిపోలేదే తల్లీ, టీ తాగింది. నువ్వు తాగిన ప్రతి కప్పులో దాని వాటా అది తీసుకుంది. టెంపరరీ పళ్ళకి వాడేది పొడీ ద్రావకమూ కలిపి ముద్ద చేసి గట్టిపరిచిన ప్లాస్టిక్కే కదా. సొంత పంటికున్నంత నునుపు దానికి ఉండదు, ఎక్కడ గరుకుంటే అక్కడ రంగు పట్టేస్తుంది. టీ తాగగానే నీళ్ళు పుక్కిలించు. తాగడం మానమని మాత్రం చెప్పను. చెప్పినా వినవు, నా నోరు నొప్పి తప్ప.

ఇక అసలు సంగతి. రిహార్సల్లో మెట్ల మీంచి పడ్డప్పుడు పోయింది ఒక పన్నే అయినా, దానికి అటూ ఇటూ ఉన్న రెండింటినీ అరగదీసి మూడు పళ్ళ బ్రిడ్జి వేయాల్సొచ్చింది. చిగురు పూర్తిగా మానితే తప్ప అసలు బ్రిడ్జి పెట్టనని మీ డాక్టరమ్మ అంది. ఆవిడ పంపిన అచ్చు మీద టెంపరరీది నేనే చేసి పంపాను. పగటి వెలుగులో ఎవరూ కనిపెట్టలేకపోయారనీ, మేకప్ అద్దం చుట్టూ ఉన్న బల్బుల కింద కూడా తేడా తెలియలేదనీ నువ్వే మెచ్చుకుంటూ రాశావు. ఆ ఉత్తరం మా పళ్ళ ల్యాబులో నలుగురికీ చదివి వినిపించాను కూడా.

ఈసారి ఉత్తరం ఎవరికీ వినిపించలేదు. ఆఖరి సీన్లో స్టేజీ అంతా చీకటి చేసి ఊదా లైట్లు వేస్తారనీ, తెల్లటివన్నీ ఆ వెలుగులో మెరుస్తాయనీ, నువ్వు ఒక్కదానివే నిలబడి చాలాసేపు నవ్వాలనీ, నాటకమంతా ఆ నవ్వు మీదే ఆగి ఉంటుందనీ రాశావు. నువ్వు నోరు తెరవగానే నీ పళ్ళన్నీ మెరిశాయట, నేను చేసిన మూడూ నల్లగా కన్నంలా కనిపించాయట. "ముందు వరసలో కూర్చున్న డైరెక్టరు గారి చొక్కా మెరుస్తోంది, పళ్ళు మెరుస్తున్నాయి, ఆయన పక్కన వాళ్ళవీ మెరుస్తున్నాయి. అందరూ నవ్వుతున్నారు. నా నోట్లోనే చీకటమ్మా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

వచ్చే లైట్ల రిహార్సల్‌కి పళ్ళు సరికాకపోతే వేషం మీ నాటకంలోనే ఉన్న ఆ పొడుగమ్మాయికి ఇస్తానన్నారట కదా డైరెక్టరు. "ఆయన తీసేసేలోపు నేనే తప్పుకుంటాను, నీకు ఏమనిపిస్తోంది?" అని అడిగావు. నాకు ఏమనిపించిందో చివర్లో చెప్తాను. చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి, రాస్తూ రాస్తూ తెచ్చుకుంటాను.

నిజానికి, ఉత్తరంతో పాటు నువ్వు పంపిన ఊదా వెలుగు ఫోటో చూసినా మొదట నేను నమ్మలేదు. పన్నంటే తెల్లగానో పచ్చగానో ఉంటుంది గానీ ఉన్నట్టుండి మాయమవుతుందా, ఫోటోలో నీడేదో పడి ఉంటుంది, పిల్ల కోపంలో గోరంతలు కొండంతలు చేస్తోంది అనుకున్నాను. మీ నాన్ననే అడిగాను, ఈ ఊదా లైట్లు ఎక్కడ దొరుకుతాయని. ఆయన తన పనిముట్ల సంచీలోంచి టార్చి తీసి నా చేతిలో పెట్టారు. ఏసీల్లో గ్యాసు లీకయ్యే చోటు పట్టుకోవడానికి వాడతారట. గొట్టాల్లోకి ఏదో రంగు మందు ఎక్కించి ఈ టార్చి వేస్తే, కారే చోట నిగనిగా మెరుస్తుందట. ఇన్నేళ్ళూ ఆ టార్చి మా మంచం కింద సంచీలో ఉంది, నాకు తెలియనే తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం బాత్రూం కిటికీకి తువ్వాలు కట్టి, తలుపేసుకుని, లైటు ఆర్పాం.

"పళ్ళు చూపించండి" అన్నాను.

"ఎందుకే?"

"చూపించండంటే."

ఇకిలించారు. టార్చి వేశాను. అమ్మలూ, నేను కెవ్వుమన్నాను! మీ నాన్న పళ్ళన్నీ నీలంగా, తెల్లగా వెలుగుతున్నాయి. ఎడమ పక్కన ఒకటి మాత్రం లేదు. అక్కడ పెద్ద కన్నం. ఆ పంటికి క్యాప్ చేసింది ఎవరనుకున్నావ్? నేనే. పగలు చూస్తే ఏది క్యాపో, ఏది సొంత పన్నో నాకే తెలియదు, అంత బాగా చేశానని ఎన్నోసార్లు గొప్పలు చెప్పుకున్నాను. "ఏమైందే? ఏం కనిపించింది?" అని ఆయన కంగారుపడుతుంటే బయట నుంచి మీ నానమ్మ తలుపు బాదడం మొదలుపెట్టింది.

"పట్టపగలు తలుపులేసుకుని ఆ కేకలేంట్రా?"

"ఏం లేదమ్మా, పళ్ళు చూసుకుంటున్నాం."

"పళ్ళు చూసుకోడానికి లైటార్పడం ఎందుకురా? మీ వయసుకి సిగ్గుండాలి."

తలుపు తీసి ఆవిడనీ లోపలికి లాగాం. ఆవిడ నోట్లో టార్చి వేస్తే చూడ్డానికి ఏమీ లేదు, సెట్టు సెట్టంతా చీకట్లో కలిసిపోయింది. అద్దంలో చూసుకుని, "నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా?" అంది. మేం ముగ్గురం ఆ ఇరుకు బాత్రూంలో పడీ పడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన నోట్లో ఆ కన్నం చూశాను, నువ్వు గుర్తొచ్చావు. మేం ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. నువ్వు ఒక్కదానివే స్టేజీ మీద నిలబడితే హాలంతా నవ్వింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

సంగతేమిటంటే, సొంత పంటికి ఒక గుణం ఉంది. ఆ ఊదా కాంతి తగిలితే దాన్ని తాగి, తన లోపల్నుంచి వేరే వెలుగు వదులుతుంది. మా పొడికి ఆ గుణం లేదు. తాగుతుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. ల్యాబులో మేం పన్ను రంగు కిటికీ దగ్గర చూస్తాం, ట్యూబులైటు కింద చూస్తాం, బల్బు కింద చూస్తాం. మూడుచోట్లా సరిపోతే డబ్బాలో పెట్టి పంపేస్తాం. చీకట్లో చూడాలని ఎవరికీ తట్టదు, చీకట్లో పళ్ళతో ఎవరికి పని అనుకుంటాం. నా కూతురికి పని ఉందని నాకైనా తట్టాల్సింది. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని మనుషుల్లో తిడతాం గానీ, పన్ను మాత్రం ఏ వెలుగుకా రూపు చూపించాల్సిందే.

ఇక ఆ రోజు నుంచి నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషివి, కానీ" అని మీ నాన్న టార్చి నాకే వదిలేశారు. పాపం, ఆయన ఇప్పుడు లీకులన్నీ సబ్బు నురగ రాసి పట్టుకుంటున్నారు.

మా రేపటికల్లా సారు గుర్తున్నారు కదా, ల్యాబు ఓనరు. ఏ పని ఇచ్చినా "రేపటికల్లా కావాలి" తప్ప ఇంకో మాట రాని మనిషి. నేను ఉన్న పొడులన్నీ తీసి, ఒక్కోదాన్నీ కలిపి చిన్న చిన్న బిళ్ళలు పోస్తుంటే వచ్చి నిలబడ్డారు.

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేంటమ్మా? అది టెంపరరీ! రేపు తీసి పారేసేదానికి ఇంత తతంగమా?"

"పన్ను టెంపరరీ సార్. పెట్టుకున్న మొహం టెంపరరీ కాదు కదా."

ఆయన గడ్డం గోక్కున్నారు. "సరే, భోజనాల టైములో చేసుకో. నాకు కనిపించకుండా చేసుకో" అని వెళ్ళిపోయారు. అంతకంటే మంచి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

బిళ్ళలన్నీ సామాన్ల గదిలోకి పట్టుకెళ్ళి, తలుపు మూసి, టార్చి వేసి చూశాను. మనం వాడే పొడులు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. ఒక్కటి మాత్రం మెరిసింది. పంటి అంచుల్లో గాజులాంటి నిగారింపు కోసం చిటికెడు వేసే పొడి అది, వేరే కంపెనీది, సీసాలో అడుగున మిగిలి ఉంది. ఎగిరి గంతేసి దానితోనే ఒక పన్ను చేశాను. చీకట్లో చూస్తే ట్యూబులైటు ముక్క నోట్లో పెట్టుకున్నట్టుంది! నువ్వు అది పెట్టుకుని నవ్వితే జనం నీ మొహం చూడరు, ఆ పన్నే చూస్తారు. మామూలు పొడితో సగం సగం కలిపాను. చీకట్లో బాగుంది. కిటికీ దగ్గరికి తెస్తే బూడిద రంగు. గాజులా ఉండే పొడి కదా, పంటి వెనక నోట్లో ఉన్న చీకటంతా దాంట్లోంచి బయటికి కనిపిస్తుంది. ప్రాణం పోయిన పన్నులా ఉంది. పగలు బాగుంటే చీకట్లో లేదు, చీకట్లో ఉంటే పగలు లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

అప్పుడు మీ నానమ్మ దుప్పటి కప్పుకుంటుంటే తట్టింది. ఆవిడకి పాత గరుకు దుప్పటే వెచ్చన, కానీ ఎవరైనా వస్తే పైన కొత్తది పల్చటిది పరుస్తుంది. పన్ను లోపలంతా మనం మామూలుగా వాడే మందమైన పొడే ఉంచి, ముందువైపు మాత్రం ఆ మెరిసే కలుపుని పల్చగా పొరలా వేస్తే? లోపలిది నోటి చీకటిని ఆపుతుంది, పైది ఊదా వెలుగుకి జవాబిస్తుంది. పొర మందమైతే బూడిద రంగు, మరీ పల్చనైతే మెరుపు లేదు. వేయడం, అరగదీయడం, చూడటం, విరగ్గొట్టడం. వేళ్ళ చివర్లు కాయలు కాశాయి.

ఒక పెద్ద చిక్కు మిగిలింది. మా దగ్గర పళ్ళని ప్లాస్టరు అచ్చు మీద పెట్టి చూస్తాం. ప్లాస్టరు తెల్లగా, పొడిగా ఉంటుంది. నోరు అలా ఉండదు. నోట్లో తడి, వెనక చీకటి, పైన పెదవి నీడ, పక్కన బతికున్న పళ్ళు. అచ్చు మీద బాగున్నది నోట్లో ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? నిన్ను ఇంకోసారి స్టేజీ ఎక్కించి నవ్వించి పరీక్ష చేయనా?

అందుకని ఒక పని చేశాను. అరవకు. నా పై పంటికి పాత క్యాప్ ఉంది కదా, దాన్ని కోయించేశాను.

మా ల్యాబు కింది అంతస్తులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, "ఇంత బాగున్న క్యాప్‌ని తీసెయ్యమంటారేంటి ఆంటీ?" అని నోరు వెళ్ళబెట్టింది. చిగురు దగ్గర సందు వచ్చింది, ఎలాగూ ఎప్పుడో మార్చాల్సిందే అని నచ్చజెప్పాను. సందు వచ్చిన మాట నిజమే, తొందర మాత్రం నీది. అప్పటి నుంచి నా నోరే నా ల్యాబు. పొద్దున్న ఒక పన్ను పెట్టుకుంటాను, టీ తాగుతాను, కాఫీ తాగుతాను, కిటికీ దగ్గర అద్దంలో చూసుకుంటాను, భోజనాల టైములో సామాన్ల గదిలోకి వెళ్ళి టార్చి వేసుకుని నవ్వుకుంటాను. ఒకసారి రేపటికల్లా సారు ఏదో వెతుక్కుంటూ తలుపు తీసి, చీకట్లో నా పళ్ళు మాత్రమే చూసి, "అమ్మో!" అని తలుపేసి పరిగెత్తారు.

నిన్న పెట్టుకున్న పన్ను కిటికీ దగ్గర కనిపించలేదు, అంటే తేడా కనిపించలేదు. టార్చి వేస్తే పక్కపళ్ళతో పాటే మెరిసింది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. కోపంతో నువ్వు ఉత్తరంలో పెట్టి పంపిన ఫోటో ఉందిగా, "చూడు నీ పనితనం" అని, దాన్ని పక్కన పెట్టుకుని నీ సొంత పళ్ళ మెరుపుతో కూడా పోల్చి చూశాను. సరిపోయింది. అదే కలుపుతో, అదే మందంతో నీ మూడు పళ్ళ బ్రిడ్జి చేసి ఈ ఉత్తరంతో పాటు డబ్బాలో పెట్టాను.

ఇప్పుడు చెప్తాను, నాకు ఏమనిపించిందని అడిగావు కదా.

నాకు సంతోషం వేసిందే అమ్మలూ. నువ్వు తప్పుకుంటానని రాసింది చదవగానే ముందు నాకు కలిగింది సంతోషం. ఏడుస్తున్న నీ మొహం తర్వాత గుర్తొచ్చింది. "పోనీలెండి, ఇంటికి వచ్చేస్తుంది, ల్యాబులో చేరుతుంది" అని మీ నాన్నతో అన్నాను. రంగు చూసే కన్ను నీకు పుట్టుకతో వచ్చింది, చిన్నప్పుడు నేను పంటి రంగులు సరిచూసుకునే షేడ్ ముక్కలు కలిపేసి ఇస్తే నాకంటే ముందు నువ్వే వరసలో పేర్చేదానివి. ఆ కన్ను స్టేజీల మీద తిరిగి వృథా అయిపోతోందని నా బాధ. మర్నాడే ల్యాబుకి వెళ్ళి, కిటికీ పక్కన బల్ల మీద సామానంతా తీసేసి, తుడిచి, నీ కోసమని సిద్ధం చేశాను. కుర్చీ కూడా తెచ్చి వేశాను. నువ్వు అక్కడ ఏడుస్తుంటే నేను ఇక్కడ కుర్చీ వేశాను.

ఆదివారం బాత్రూంలో మీ నాన్న నోట్లో కన్నం చూసేదాకా అందులో తప్పుందని నాకు తట్టలేదు. అప్పుడు అర్థమైంది, నా పని లోపం వల్ల నువ్వు ఓడిపోతే, ఆ ఓటమి మీద కుర్చీ వేసి నిన్ను కూర్చోబెట్టాలనుకున్నానని. నువ్వు ల్యాబుకి రావాలంటే నీ ఇష్టంతో రా. ఆ మూడు పళ్ళ వల్ల మాత్రం రావడానికి వీల్లేదు. నేనుండగా రానివ్వను. ఆ బల్ల ఖాళీగా ఉంచలేదు. అక్కడే కూర్చుని నీ బ్రిడ్జి చేశాను. వెలుగు అక్కడే బాగుంటుంది.

కాబట్టి నా సలహా ఇదీ: తప్పుకోకు. పొడుగమ్మాయికి వేరే వేషం దొరుకుతుంది. రేపే మీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. తెల్ల సిమెంటు వాడొద్దని నా మాటగా చెప్పు, రంగు లేని టెంపరరీ సిమెంటు పెట్టమను. తెల్లది పంటిలోంచి పైకి కనిపిస్తుంది. పెట్టేముందు నీళ్ళతో తడిపి, నీ నోరు కూడా తడిగా ఉన్నప్పుడు రంగు చూడమను. నోరు తెరుచుకుని కూర్చుంటే పళ్ళు ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి, అది చూసి నా పన్ను పచ్చగా ఉందని ఆవిడ అరగదీస్తే పై పొర పోతుంది. అరగదీయనివ్వకు, చెయ్యి పట్టుకుని ఆపు. తర్వాత లైట్ల రిహార్సల్‌కి వెళ్ళి, నలుగురి ముందూ నోరు తెరువు. మొన్న నవ్వినవాళ్ళు ఎవరూ లేనప్పుడు దొంగతనంగా చూసుకోవద్దు. వాళ్ళ ముందే చూసుకో.

మొదటి రోజు ఆటకి మేం వస్తున్నాం. ముందు వరసలోనే టికెట్లు తీసుకున్నారు మీ నాన్న. నానమ్మ కూడా వస్తానంటోంది. చీకట్లో ఆవిడ నోరు కనిపించదు గానీ వినిపిస్తుంది, కంగారుపడకు. కింది డాక్టరమ్మ నాకు అసలు క్యాప్ పెట్టేస్తానంది, ఆట చూసొచ్చాకే అన్నాను. నీ కలుపులోంచి చేసిన పన్నే నా నోట్లో ఉంటుంది ఆ రోజు. పనిలో పనిగా మీ నాన్న క్యాప్ కూడా మార్చి మెరిసేది పెడతానంటే ఆయన ఒప్పుకోలేదు. "నాది ఇలాగే ఉండనీవే. చీకట్లో పిల్ల నన్ను గుర్తుపట్టొద్దూ?" అన్నారు.

ఊదా లైట్లు ముందు వరస దాకా పడతాయని నువ్వే రాశావు. అవి వెలగగానే, నవ్వే ముందు ఒక్కసారి కిందికి చూడు. పళ్ళన్నీ మెరుస్తూ ఒక నోరు, దాని పక్కనే ఎడమవైపు కన్నంతో ఇంకో నోరు కనిపిస్తాయి. మేం అప్పటికే నవ్వుతూ ఉంటాం. నువ్వు మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పంటితోనే నవ్వబోయే,
మీ అమ్మ